గురి ఉంటే సరిపోదు... లెక్క కుదరాలి!

రాత్రి పదకొండు దాటింది. హన్మకొండ నయీంనగర్ సందుల్లో దుకాణాల షట్టర్లు ఎప్పుడో దిగిపోయాయి. మేడ మీది గదుల కిటికీల్లో మాత్రం ఇంకా నీలం వెలుగు. ఆ గదుల్లో ఏ తలుపు తట్టినా ఇంచుమించు ఇలాంటి సంభాషణే.

‘‘ఏందిరా, ఇంక పండుకోవా? గా తుపాకుల లొల్లి ఎప్పుడు ఒడుస్తది?’’
‘‘ఒక్క రౌండ్ అమ్మా. ఇప్పుడే ఆపరేటర్ కొన్న. లేస్తే మావోళ్లు తిడ్తరు.’’
‘‘ఆపరేటర్‌ను కొనుడేంది? ఎంతకు కొన్నవ్?’’
‘‘నాలుగు వేల ఏడొందలు.’’

తల్లి గుండె గుభేల్! డబ్బాలో దాచిన డబ్బులు భద్రంగా ఉన్నాయో లేదో అన్న అనుమానం. ‘‘అయ్యో, అవి ఆటల పైసలమ్మా!’’ అని అబ్బాయి నవ్వుతాడు.

అవి ఆట డబ్బులే. కానీ ఆ నాలుగు వేల ఏడువందల వెనక పెద్ద లెక్కే ఉంది. ఆ లెక్క తెలిసినవాడు గెలుస్తాడు. తెలియనివాడు ఎంత గురి ఉన్నా తన జట్టు నలుగురినీ వెంటబెట్టుకుని మరీ ఓడిపోతాడు.

వెలుగు పుట్టిన లోకం

ఆట పేరు వాలరంట్. అమెరికాకు చెందిన రయట్ గేమ్స్ సంస్థ 2020 జూన్‌లో విడుదల చేసింది. కథ జరిగేది మన భూమి మీదే, కాకపోతే కాస్త ముందు కాలంలో. ‘తొలి వెలుగు’ అనే వింత సంఘటన తర్వాత కొందరికి మానవాతీత శక్తులు వస్తాయి. ఒకరు గాలిలా దూసుకుపోతారు, ఇంకొకరు మంచుగోడ కడతారు. వీళ్లే ఆటలోని ఏజెంట్లు. 2022 అక్టోబరులో వచ్చిన హార్బర్ అనే ఏజెంట్ మన భారతీయుడే. పేరు వరుణ్ బాత్రా, ఆయుధం నీళ్లు. 2023 జనవరిలో వచ్చిన ‘లోటస్’ అనే రణరంగాన్ని పశ్చిమ కనుమల్లోని పాతకాలపు కట్టడంగా చిత్రించారు.

అయిదుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు. ఒక జట్టు ‘స్పైక్’ అనే పేలుడు పరికరాన్ని చెప్పిన చోట పెట్టాలి. రెండో జట్టు దాన్ని అడ్డుకోవాలి. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్లదే ఆట. ప్రతి రౌండ్‌కు ముందు అంగడి తెరుచుకుంటుంది. చేతిలో ఉన్న క్రెడిట్లతో తుపాకులు, కవచాలు, విద్యలు కొనుక్కోవాలి. ఆ అంగడిలోనే అసలు చర్చంతా. ముఖ్యంగా దూరం నుంచి గురిచూసి కొట్టే రైఫిళ్ల దగ్గర!

నిజానికి ఈ చర్చ వరంగల్‌కు కొత్తదేమీ కాదు. 2000ల్లో నెట్ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడినవాళ్లకు అందులోని ఏడబ్ల్యూపీ అనే ఆకుపచ్చ స్నైపర్ రైఫిల్ గుర్తుండే ఉంటుంది. దాని ధర 4750 డాలర్లు... ఆట డాలర్లే లెండి. ‘అంత పెట్టి అది కొనడం అవసరమా?’ అని అప్పుడు వాదులాడుకున్న కుర్రాళ్లు ఇప్పుడు తండ్రులయ్యారు. వాళ్ల పిల్లలు అదే వాదన కొత్త పేర్లతో చేస్తున్నారు.

నూరు, నూట పాతిక, నూట యాభై

ఏ తుపాకీ మంచిదో తేల్చాలంటే ముందు ఎదుటివాడి ఒంటిమీద ఏముందో చూడాలి. వాలరంట్‌లో ప్రతి మనిషికీ 100 పాయింట్ల ప్రాణం. 400 క్రెడిట్లు పెట్టి తేలికపాటి కవచం కొంటే దానికి 25 కలుస్తుంది. 1000 పెట్టి బరువు కవచం తొడిగితే 50 కలుస్తుంది. అంటే ఎదురుగా నిలబడ్డవాడి విలువ 100, 125, 150... ఈ మూడింట్లో ఒకటి. తనంతట తానే పూడుకునే 650 క్రెడిట్ల కవచం 2024లో వచ్చింది. ఒకే దెబ్బ లెక్కలో అదీ 25 కిందికే వస్తుంది.

ఇప్పుడు మూడు స్నైపర్ రైఫిళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఇవి 2024 నాటి అంకెలు.

మార్షల్: ధర 950. ఒంటికి తగిలితే 101 పాయింట్ల దెబ్బ.
అవుట్‌లా: ధర 2400. ఒంటికి తగిలితే 140.
ఆపరేటర్: ధర 4700. ఒంటికి తగిలితే 150.

చూశారా కిటుకు! కవచం లేనివాడి విలువ 100, మార్షల్ దెబ్బ 101. తేలిక కవచం వాడి విలువ 125, అవుట్‌లా దెబ్బ 140. బరువు కవచం వాడి విలువ 150, ఆపరేటర్ దెబ్బ సరిగ్గా 150. ఒక్కో తాళానికి ఒక్కో చెవి అన్నట్టు ఒక్కో కవచానికి ఒక్కో రైఫిల్. ఎదుటివాళ్లంతా డబ్బుల్లేక ఉత్త ఒంటితో వచ్చిన రౌండ్‌లో ఆపరేటర్ పట్టుకోవడమంటే దోమను కొట్టడానికి రోకలి ఎత్తడమే. అందరూ బరువు కవచాలతో వచ్చినప్పుడు మార్షల్‌తో ఒంటికి గురిపెడితే 49 పాయింట్ల ప్రాణంతో అవతలివాడు నిలబడే ఉంటాడు. మరుక్షణం పడేది మనమే.

పేదవాడి రైఫిల్

మూడింట్లో చిన్నది మార్షల్. అయిదు గుళ్లు పడతాయి. సెకనుకు ఒకటిన్నర గుండు చొప్పున కాల్చొచ్చు. తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఇది పట్టుకుని చురుగ్గా తిరగొచ్చు. మొదటి రౌండ్‌లో చేతికిచ్చేది 800 క్రెడిట్లే కనుక అప్పుడు ఇదీ అందదు. రెండో రౌండ్ నుంచి దీని పని మొదలవుతుంది. ఓడిపోయి, చేతిలో చిల్లర మాత్రమే మిగిలిన జట్టుకు ఇదే దిక్కు.

అవుట్‌లా అందరికన్నా చిన్న తమ్ముడు. 2024 జనవరిలో వచ్చింది. పాతకాలపు జోడు గొట్టాల తుపాకీ లాంటిది. రెండే గుళ్లు. ఒకదాని వెంట ఒకటి మూడో వంతు సెకను పైచిలుకులో పేలిపోతాయి. బరువు కవచం వాడికి మొదటి దెబ్బతో 10 పాయింట్లు మిగిలినా రెండోది వెంటనే అందుకుంటుంది. కాకపోతే ఆ రెండూ అయిపోయాక మళ్లీ గుళ్లు నింపుకునేదాకా చేతులు కట్టేసినట్టే.

అవుట్‌లా రాకముందు 950కీ 4700కీ మధ్య స్నైపర్లలో మరోటి లేదు. ఉంటే గుడిసె, లేకుంటే మేడ! ఇది మధ్యతరగతి ఇల్లులా నడుమ వచ్చి కూర్చుంది. ఓడిన జట్టు తేలిక కవచాలతో సరిపెట్టుకున్న రౌండ్లలో దీనికి గిరాకీ.

పెద్దాయన సంగతి

ఇక ఆపరేటర్. ఆట మొదలైన కొత్తలో దీని ధర 4500. జోరు ఎక్కువైందని 2020లోనే 5000కు పెంచారు, తర్వాత 4700కు దించారు. పొట్టలో తగిలినా, ఛాతీలో తగిలినా ఎంతటి కవచం వాడైనా ఒక్క దెబ్బకు పడాల్సిందే. గోడల్లోంచి కూడా దూసుకెళ్తుంది. స్కోప్‌లో రెండున్నర రెట్లు, అయిదు రెట్లు అని రెండు మెట్లుంటాయి. సన్నటి నడవా చివర ఒక ఆపరేటర్ కాచుకుని కూర్చుందని తెలిస్తే అటు తొంగిచూడ్డానికి అయిదుగురూ జంకుతారు. దీని అసలు బలం ఆ భయమే.

బలహీనతలూ తక్కువేం కాదు. ఒకసారి పేలాక మళ్లీ పేలడానికి దాదాపు 1.7 సెకన్లు పడుతుంది. ఆలోపు ఎదుటివాడు నాలుగడుగులు వేసేస్తాడు. నడుస్తూ కాలిస్తే గుండు ఎటుపోతుందో చెప్పలేం, ఆగి తీరాలి. స్కోప్‌లో కన్ను పెడితే పక్కనుంచి వచ్చేవాడు కనపడడు. కాలికి తగిలితే 120 మాత్రమే కాబట్టి తేలిక కవచం వాడు కూడా 5 పాయింట్లతో బతికి బయటపడతాడు. అందుకే ఒక దెబ్బ వేసి గాల్లో దూసుకుని తప్పించుకోగల ‘జెట్’ లాంటి ఏజెంట్ల చేతుల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఖరీదు కొనేదేమిటి?

అసలు విషయం ఇక్కడుంది. పైన చెప్పిన లెక్కంతా ఒంటికి తగిలినప్పటిది. మరి తలకు తగిలితే? మార్షల్ దెబ్బ 202. అవుట్‌లా 238. ఆపరేటర్ 255. ఎదుటివాడి విలువ ఎంత ఎక్కువైనా 150 దాటదు కదా! అంటే తలకు గురిపెట్టగలిగినవాడికి 950 పెట్టినా 4700 పెట్టినా ఫలితం ఒక్కటే. స్నైపర్ల అరలో కాకుండా రైఫిళ్ల అరలో ఉండే గార్డియన్ (ధర 2250) కూడా తలకు 195 దెబ్బ వేస్తుంది. అందరూ వాడే వాండల్ (ధర 2900) ఎంత దూరం నుంచైనా తలకు 160 వేస్తుంది. అన్నీ ఒక్క దెబ్బ తుపాకులే... గురి కుదిరితే!

మరి ఆ అదనపు 3750 క్రెడిట్లు దేనికి? గురి కాస్త తప్పినా ఫర్వాలేదు అనే భరోసాకు. తలకు బదులు ఛాతీకి తగిలినా పని జరిగిపోతుందన్న బీమాకు. ఖరీదైన తుపాకీ మంచి గురిని అమ్మదు, తప్పుకు మన్నింపును అమ్ముతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైన కుర్రాడు ఆటలోనే కాదు, బయట అంగట్లో కూడా అంత తేలిగ్గా మోసపోడు. మూడు వేల రూపాయల మౌస్ కొంటే తన గురి మారిపోతుందని ఇంట్లో మారాం చేయడు.

ఉమ్మడి కుటుంబం బడ్జెట్

ఆటగాళ్ల మధ్య అలకలు వచ్చేది మాత్రం గురి దగ్గర కాదు, డబ్బు దగ్గరే. రౌండ్ గెలిస్తే తలా 3000 వస్తాయి. ఓడితే 1900, వరసగా రెండోసారి ఓడితే 2400, ఆ తర్వాత 2900. ఎదుటివాణ్ని పడగొడితే ఒక్కొక్కరికి 200. ఎంత కూడబెట్టినా 9000 మించి దాచుకోలేరు.

ఇప్పుడు ఒక జట్టును ఊహించుకోండి. నలుగురి దగ్గర డబ్బుల్లేవు. అయిదోవాడి దగ్గర 4800 ఉన్నాయి. వాడికి ఆపరేటర్ మీద మోజు. కొనేశాడు. కవచానికి మిగల్లేదు. రౌండ్ మొదలైన పావు నిమిషంలో గురి తప్పింది, పడిపోయాడు. పోయింది 4700 ఒక్కటే అయితే బాగుండేది. కింద పడ్డ తుపాకీని ఎదుటివాడు ఎత్తుకున్నాడు! మన సొమ్ముతో కొన్న తుపాకీ మన మీదికే తిరిగింది.

అదే 4800తో ఏం చేయొచ్చు? వాండల్ ఒకటి, బరువు కవచం ఒకటి కొన్నా 3900. ఇంకా 900 మిగులుతాయి. లేదంటే తనకొకటి, స్నేహితుడికొకటి రెండు అవుట్‌లాలు కొనొచ్చు. ఈ ఆటలో పక్కవాడికి కొనిపెట్టే వీలుంది మరి. అంతెందుకు, అయిదు మార్షల్‌లు కొన్నా 4750. జట్టు మొత్తానికి తలా ఒకటి! పాతకాలం ఏడబ్ల్యూపీ ధర కూడా సరిగ్గా అంతేనన్నది తమాషా.

అలాగని ఆపరేటర్ దండగ అనలేం. నలుగురి చేతిలోనూ మంచి తుపాకులుండి, అయిదోవాడికి కవచంతో కలిపి 5700 ఖర్చుపెట్టే స్తోమత ఉండి, కాచుకోవడానికి పొడవాటి దారి ఉంటే దానికి సాటి వచ్చేది లేదు. పైగా రౌండ్ అయ్యేదాకా బతికుంటే అదే తుపాకీ తర్వాతి రౌండ్‌కూ దక్కుతుంది, మళ్లీ కొనక్కర్లేదు. ఇంటికి కారు కావాలా అన్నదానికి జవాబు కారును బట్టి ఉండదు, ఇంటిని బట్టి ఉంటుంది. ఇదీ అంతే.

కోట గుమ్మం చెప్పిన పాఠం

దూరం నుంచి కొట్టేవాణ్ని ఎలా ఎదుర్కోవాలి? దీనికి సమాధానం ఓరుగల్లు కోటలోనే ఉంది. కాకతీయులు కట్టిన రాతికోట గుమ్మాల్లోంచి నేరుగా లోపలికి దూసుకెళ్లడం కుదరదు. ముందు ఒక ఆవరణలోకి రావాలి, అక్కడ మలుపు తిరగాలి, మళ్లీ తిరగాలి. ఆ మలుపుల్లో శత్రువు వేగం చస్తుంది, చూపు ఆగిపోతుంది. వెలుపల మట్టికోట, కందకం. ఒకదాని వెనక ఒకటి కవచాలే!

వాలరంట్ రణరంగాలు గీసేవాళ్లు పాటించేదీ ఇదే సూత్రం. పొడవాటి దారి ఉంటే స్నైపర్‌కు పండగ. అందుకే దారిని విరిచి, మూలలు పెట్టి, చాటు పెట్టెలు వేస్తారు. ఆటగాళ్లు పొగ వదులుతారు, గోడలు లేపుతారు. చూపు ఆగిపోతే 4700ల రైఫిల్ కూడా ఉత్త ఇనుపకడ్డీయే. ఈసారి కోట చూడటానికి వెళ్లినప్పుడు ఈ ఆటాడే అబ్బాయినో అమ్మాయినో వెంట తీసుకెళ్లి, గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగి చూడండి... ‘ఇక్కడ నీ ఆపరేటర్ పనిచేస్తుందా?’ అని!

అసలు రైఫిల్ వేరు

ఇంత గురి కుదిరినవాడు నిజం తుపాకీతోనూ అంతే గురిగా కొడతాడా? ఆ భ్రమ వద్దు. ఈ రైఫిళ్లలో గుండు ప్రయాణమే చేయదు. మీట నొక్కిన క్షణాన స్కోప్ నడుమ ఏముందో దానికి తగిలినట్టు కంప్యూటర్ లెక్క కడుతుంది. గాలి లేదు, గుండు కిందికి వాలడం లేదు, భుజం మీద బరువు లేదు. ఆటగాడికి అడ్డొచ్చేది గాలివాన కాదు, ఇంటర్నెట్ ఆలస్యం. మన దేశం ఆటగాళ్ల కోసం సర్వర్లు ముంబయిలో ఉన్నాయి. వరంగల్ నుంచి గీత గీస్తే సుమారు 700 కిలోమీటర్లు. ఆ కబురు వెళ్లిరావడంలో తేడా వస్తే ముందు కొట్టినవాడే ముందు పడిపోతాడు.

అదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ చూడండి. లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే గుండు వెడల్పేమో నాలుగున్నర మిల్లీమీటర్లు! ఊపిరి, గుండె చప్పుడు కూడా గురిని కదిపేస్తాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది ఆ విభాగంలోనే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్తోలు పట్టి నాలుగు పతకాలు గెలిచింది. అవే క్రీడల్లో వీడియో గేమ్‌లను తొలిసారి పతకాల పోటీగా ఆడించారు. రెండూ ఆటలే. కానీ ఒకటి మరోదానికి శిక్షణ కాదు.

అమ్మానాన్నలూ... ఇవి మీకు

ఒక పూర్తి ఆట దాదాపు 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపేస్తే జట్టు నష్టపోతుంది, వదిలి వెళ్లినవాడికి ఆట శిక్ష వేస్తుంది. ‘ఇప్పుడే ఆపు’ అన్నప్పుడు పిల్లలు చిరాకుపడేది ఇందుకే. ‘ఇదయ్యాక ఇంకోటి మొదలుపెట్టొద్దు’ అని చెప్పండి, మాట వింటారు. సమయం తక్కువుంటే ముందుగా అయిదు రౌండ్లు గెలిస్తే ముగిసే ‘స్విఫ్ట్‌ప్లే’ ఉంది.

యూరప్‌లో ఈ ఆటను 16 ఏళ్లు నిండినవారికని వర్గీకరించారు. అంతకన్నా చిన్నపిల్లలు ఆడుతుంటే పెద్దలు ఆలోచించాల్సిందే. రక్తం కనిపించకుండా ఆపే వీలు సెట్టింగ్స్‌లో ఉంది.

ఆట ఉచితం. కానీ తుపాకులకు తొడిగే రంగురంగుల ‘స్కిన్’లను నిజం రూపాయలకు అమ్ముతారు. అవి తుపాకీ బలాన్ని ఒక్క పాయింటు కూడా పెంచవు. ఫోనులో చెల్లింపుల పాస్‌వర్డ్ పిల్లలకు చెప్పకపోవడం మంచిది. డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మరో సంగతి. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది.

చదువు, నిద్ర, తిండి అన్నీ వెనక్కి పోయి ఆటే ముందుకొచ్చి, మానేద్దామనుకున్నా మానలేని స్థితి నెలల తరబడి సాగితే అది అలవాటు కాదు, జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ పరిస్థితి ఉంటే తిట్లు పనిచేయవు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

అన్నిటికన్నా తేలికైన మందు ఇంకోటి ఉంది... పక్కన కూర్చుని ఒక్క రౌండ్ చూడటం. ‘తుపాకుల లొల్లి’ అని దూరం నుంచి కసిరితే తలుపు గడియ పడుతుంది. ‘ఎదుటోడి కవచం ఎంత? నీ దగ్గర ఎంతుంది?’ అని అడిగితే కుర్చీ కాస్త పక్కకు జరుగుతుంది. నెలాఖర్లో ఇల్లు నడిపే తల్లికి ఈ లెక్క కొడుకు నేర్పక్కర్లేదు. ఆమెకు రాని విద్యా ఇది?

‘‘ఇయ్యాల ఏం కొన్నవ్‌రా?’’
‘‘మార్షల్, అమ్మా. తొమ్మిదొందల యాభై.’’
‘‘గెలిచిన్రా మరి?’’
‘‘గెలిచినం. పైసలు గూడ మిగిలినయ్.’’
‘‘అట్లుండాలె. ఇగ పండుకో!’’